సైకిళ్లు ఆగే చోట: మనుషుల అక్రమ రవాణాపై సంఘాల సైకిల్ యాత్రకు ఏర్పాట్లు

[తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ, ఇంకా చీకటి. వరుసగా సైకిళ్లు, ముందు లైట్లు వెలుగుతూ.]

వ్యాఖ్యానం:
మనుషుల అక్రమ రవాణా మీద సైకిల్ యాత్ర చేద్దామని చర్చి సంఘంలో అనుకోగానే టీషర్టుల రంగు దగ్గర చర్చ మొదలవుతుంది. ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తొక్కగలమన్న లెక్క. అంతకంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. ఎక్కడ ఆగుతాం? అక్కడ ఎవరుంటారు? వాళ్లకేం చెబుతాం? సైకిళ్లు చూడ్డానికి జనం వస్తారు, ఓ 20 నిమిషాలు నిలబడతారు. మిగతా శ్రమంతా ఆ 20 నిమిషాల కోసమే.

[మ్యాపు: రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా గీత.]

ఒక దారి తీసుకుందాం. రాజమహేంద్రవరంలో బయల్దేరి బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా రావులపాలెం. సాయంత్రానికి అమలాపురం. రెండో రోజు రాజోలు, చించినాడ వంతెన, నరసాపురం. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. ఎత్తుపల్లాల్లేని డెల్టా కాబట్టి కొత్తవాళ్లూ తొక్కగలరు. ఈ దారే ఎందుకంటే, గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు కోనసీమలో, నరసాపురం వైపు ఊరూరా ఉన్నారు. ఏజెంట్లూ ఉన్నారు.

తేదీ విషయానికొస్తే, ఐక్యరాజ్య సమితి ప్రకటించిన దినం జులై 30. గోదావరి జిల్లాల్లో అది వానల కాలం, కాలువ గట్లన్నీ బురద. ఫిబ్రవరి 8 మేలు. అది సూడాన్‌లో పుట్టిన జోసెఫీన్ బకితా పండుగ. చిన్నప్పుడే ఎత్తుకెళ్లి, చేతులు మార్చి అమ్మేశారామెను. బకితా అన్న పేరు కూడా ఎత్తుకెళ్లినవాళ్లు పెట్టిందే. అరబ్బీలో దానికి అదృష్టవంతురాలని అర్థం. 1947లో ఇటలీలో కన్యస్త్రీగా చనిపోయింది, 2000లో పునీతురాలిగా ప్రకటించారు. ఆ తేదీకి దగ్గరి శని, ఆదివారాలు పెట్టుకుంటే శనివారం కాలేజీలో, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో మాట్లాడొచ్చు. గల్ఫ్‌లో మనిషి ఉన్న కుటుంబాలు ఎక్కువగా కలిసేది ఆ చర్చిలోనే.

[దృశ్యం: దరఖాస్తు కాగితాలు, మూడు కవర్లు.]

ఈ దారిలో తూర్పు గోదావరి, కోనసీమ, పశ్చిమ గోదావరి మూడూ వస్తాయి. ఎస్పీ కార్యాలయాలూ మూడే. 15 రోజుల ముందు మూడుచోట్లా దరఖాస్తు ఇచ్చి, దారిలోని స్టేషన్లన్నిటికీ నకలు అందించండి. తొక్కేవాళ్ల పేర్లు, ఆగే చోట్లు, వెంట వచ్చే బండి నంబరు, మైకు వాడే సమయం అందులో ఉండాలి. ఒక్క జిల్లాలోనే అనుమతి తీసుకుని బయల్దేరితే వంతెన దాటగానే ఆపేస్తారు.

[దగ్గర నుంచి: సైకిల్ చక్రం, టైరులో విరిగిన తుమ్మముల్లు.]

మనుషులు 20 మంది చాలు. పదేసి మందిగా రెండు జట్లు చేసి, మధ్య ఓ 200 మీటర్లు వదలండి, లారీ దాటుకుని మళ్లీ ఎడమకు రావడానికి చోటుంటుంది. వేగం గంటకు 16 నుంచి 18 కిలోమీటర్లు. అందరికంటే నిదానంగా తొక్కేవాళ్లను ముందుంచండి. వెనక పెడితే గంటలోనే జట్టు తెగిపోతుంది. అందరి వెనకా పనిముట్లతో ఒకరు, ఆ వెనక మంచినీళ్ల బండి.

కాలువ గట్ల మీద పెద్ద బెడద తుమ్మముల్లు. పంక్చరైన ట్యూబు తీసి కొత్తది వేస్తారు, ఐదు నిమిషాల్లో అదీ దిగిపోతుంది. ముల్లు మొన టైరులోనే ఉండిపోవడమే కారణం. ట్యూబు వేసేముందు టైరు లోపలంతా వేళ్లతో నిదానంగా తడమండి. గుచ్చుకుంటే బయటి నుంచి నొక్కి, పట్టుకారుతో లాగేయండి. కొత్త ట్యూబులో కాస్త గాలి కొట్టాకే లోపలికి దూర్చండి. ఖాళీ ట్యూబయితే రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి చిరుగుతుంది. ప్యాచ్ వేసేటప్పుడు ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూశాక నాలుగైదు నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీద అంటిస్తే ఎండకు ఊడొస్తుంది. రెండు రోజులకు ఒక్కో సైజులో నాలుగేసి ట్యూబులు, రెండు పంపులు, ఒక పానాల సెట్టు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.

[దృశ్యం: రావులపాలెం సెంటర్. మైకు పట్టుకున్న అమ్మాయి, చుట్టూ జనం.]

ఇక ఆ 20 నిమిషాలు. సంకెళ్ల చేతుల బొమ్మ, ఏడుస్తున్న పాప ఫొటో బ్యానర్ మీద వేయొద్దు. ఆ బొమ్మ చూసినవాళ్లు "మా ఇంట్లో అలాంటిదేం జరగదు" అనుకుంటారు. నిజంగా జరిగేది మాత్రం తెలిసినవాళ్ల నోటి మాటతో, పని ఇప్పిస్తామనడంతో మొదలవుతుంది. చట్టం కూడా అదే చెబుతోంది. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం దోపిడీ కోసం మోసపుచ్చి తీసుకెళ్లినా నేరమే. "ఇష్టపడే వెళ్లింది కదా" అన్న మాట చెల్లదు. ఈ ఒక్క ముక్క జనానికి అర్థమైతే చాలు, చాలా ఇళ్లలో నోరు పెగులుతుంది.

తర్వాత ప్రశ్నలు నేర్పండి. వీసా ఏది, ఉద్యోగానిదా, విజిట్‌దా? విజిట్ వీసా మీద పని చేయడానికి వీల్లేదు, దిగిన రోజు నుంచే మనిషి జుట్టు యజమాని చేతిలో ఉంటుంది. ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉందా? అది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగితే అనుమానించాల్సిందే. కుర్రాళ్లకు కంబోడియా సంగతి చెప్పండి: డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల గుట్టును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

కరపత్రంలో నంబర్లు మూడే: అత్యవసరానికి 112, పిల్లలకు 1098, మహిళలకు 181. సువార్త పత్రిక దాంతో కలపకండి. ప్రార్థన చర్చిలో మనసారా చేద్దాం. కూడలిలో రెండూ కలిపి పంచితే, పత్రిక వద్దనుకున్న మనిషి నంబర్లనూ పారేస్తాడు. ఆ నష్టం అతని ఇంటి ఆడపిల్లది.

చందాలకు రశీదు పుస్తకం ఒక్కటే ఉంచండి. తిండి, టీషర్టుల ఖర్చు తొక్కేవాళ్లే పెట్టుకోవాలి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని దాతలకు ముందే చెప్పండి. కువైట్‌లో ఉన్న మనవాళ్లు భారత పౌరులుగా తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అవుతుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం తీసుకోకూడదు.

[దృశ్యం: జనం వెళ్లిపోయారు. చెట్టు కింద ఇద్దరు స్త్రీలు కూర్చుని ఉన్నారు. ముఖాలు కనబడవు.]

అన్నీ సవ్యంగా జరిగితే, జనం పలచబడ్డాక ఒకామె పక్కకొచ్చి అడుగుతుంది: "మా చెల్లి ఫోను రెండు నెలల్నుంచి కలవట్లేదండీ". అప్పుడు కెమెరా ఆపేయండి. జట్టులోని స్త్రీ ఒకరు ఆమె దగ్గర కూర్చోవాలి, మగవాళ్లు దూరంగా ఉండాలి. ఏజెంటు ఇంటి మీదికి ఎవరూ వెళ్లొద్దు. వెళితే అతను జాగ్రత్తపడతాడు, అక్కడ ఆ పిల్లకు కష్టం పెరుగుతుంది. పాస్‌పోర్టు నకలు, వీసా రకం, ఏజెంటు ఫోను, యజమాని నంబరు, చివరిసారి మాట్లాడిన తేదీ, అప్పుడేమంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితంతో స్టేషన్‌లో ఫిర్యాదు చేయించి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఎక్కించండి. పోర్టల్ ఇచ్చే నంబరు ఆమె ఫోనులో దాచిపెట్టి, వారం తర్వాత ఎవరు ఫోన్ చేసి కనుక్కుంటారో అక్కడే తేల్చుకుని, అప్పుడు సైకిల్ ఎక్కండి.