"అంతా ఓకే కదా?"

[తెరపై: మందుల గోదాము. ఫ్రిజ్ తలుపు మీద డిగ్రీలు చూపించే చిన్న మీటరు.]

నమస్కారం. నేను విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో డిస్పాచ్ సెక్షన్ చూస్తుంటాను. నా కింద తొమ్మిది మంది పనిచేస్తారు. ఈ వీడియో ఒక తప్పు గురించి. ఆ తప్పు నాదే.

మూడేళ్ల కిందట, మే నెలలో ఒక శనివారం సాయంత్రం. ఇంటికి బయల్దేరుతూ, ఫోన్ చూసుకుంటూనే కౌంటర్ దగ్గరున్న కుర్రాణ్ని అడిగాను, "అంతా ఓకే కదా?" అని. "ఓకే సర్" అన్నాడు. సోమవారం పొద్దున్న వచ్చేసరికి ఇన్సులిన్ పెట్టిన ఫ్రిజ్ మీటరు 19 చూపిస్తోంది. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఆ సరుకు ఇక ఎవరికీ ఇవ్వడానికి లేదు, మొత్తం పక్కన పెట్టేశాం.

కుర్రాడికి శనివారమే తెలుసు. మీటరు 11 దగ్గర ఉండటం చూశాడు. "మరి చెప్పలేదేంరా?" అని అందరి ముందూ అరిచాను. "చెబుదామనే అనుకున్నాను సర్. మీరు వెళ్లే తొందరలో ఉన్నారని..." అని ఆగిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిన సరుకు కంటే, అతను సగంలో ఆపేసిన ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. నేను అనవసరంగా కోప్పడే మనిషిని కాదనే అనుకునేవాణ్ని. వాళ్లకు కనిపించే నేను వేరని ఆ రోజు తెలిసింది.

[తెరపై: పొగమంచులో రన్‌వే. తేదీ: 1977 మార్చి 27.]

ఈ మౌనం ఎంత దూరం తీసుకెళ్లగలదో విమానాల వాళ్లకు బాగా తెలుసు. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో టెనెరీఫ్ అనే చోట, పొగమంచులో, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలున్నాయి. ఒకటి పైకి లేవడానికి సిద్ధంగా ఉన్న, నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎం విమానం. రెండోది అదే రన్‌వే మీద మెల్లగా వస్తున్న, అమెరికా సంస్థ పాన్ యామ్ విమానం. కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. పక్కనున్న కో-పైలట్‌కు ఆ విమానం నడిపే అర్హత పరీక్ష పెట్టింది కూడా ఆయనే. మీరే ఆ కో-పైలట్ అయితే ఆయన్ను ఆపగలరా?

విమానం పరుగు మొదలుపెట్టాక, వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదేమో అన్నట్టు అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ ఆపలేదు. కొన్ని సెకన్లలో రెండూ ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, రేడియోలో ఒకరి మాట మీద ఒకరి మాట పడటం, ఇలా కారణాలు ఇంకా ఉన్నాయి. నా మనసు మాత్రం ఆ ఇంజనీరు అడిగిన ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఆయన అడిగాడు. రెండోసారి అడిగే వీలు ఆ గదిలో లేకపోయింది.

ఇలాంటి ప్రమాదాల తర్వాతే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ వచ్చింది. అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 1981లోనే మొదలుపెట్టింది. కింది వాళ్లు ధైర్యంగా చెప్పడం, పైవాళ్లు ఆగి వినడం, రెండూ అందులో నేర్పుతారు.

1989 జులై 19న అదే సంస్థ విమానం ఒకటి ఆకాశంలో ఉండగా తోక దగ్గరి ఇంజన్ పేలిపోయింది. విమానాన్ని తిప్పడానికి కావాల్సిన హైడ్రాలిక్ వ్యవస్థలు మూడూ పోయాయి. ప్రయాణికుల్లో ఒక శిక్షక పైలట్ ఉన్నాడని తెలియగానే కెప్టెన్ అల్ హేన్స్ ఆయన్ను కాక్‌పిట్‌లోకి పిలిపించి, ఇంజన్ల శక్తిని పెంచే, తగ్గించే థ్రాటిల్స్ ఆయన చేతికిచ్చాడు. కాక్‌పిట్‌లో ఉన్న ముగ్గురు, ఆయన, నలుగురూ కలిసి విమానాన్ని అమెరికాలోని సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు ముక్కలైంది, 112 మంది పోయారు. అయినా 296 మందిలో 184 మంది బతికారు. తామందరి అనుభవం కలిపితే 103 ఏళ్లని, అలాంటి స్థితిలో విమానాన్ని నడిపిన అనుభవం మాత్రం అందులో ఒక్క నిమిషం కూడా లేదని హేన్స్ తర్వాత చెప్పాడు. కెప్టెన్ కాబట్టి తనకే ఎక్కువ తెలుసని ఆయన అనుకోలేదు. నాకు అది చాలా గొప్ప విషయం.

[తెరపై: "కదా" అన్న మాట ఒక్కటే, పెద్ద అక్షరాల్లో.]

ఇప్పుడు నా ప్రశ్న దగ్గరికి వద్దాం. "అంతా ఓకే కదా?" అందులో "కదా" చూడండి. జవాబు నేనే చెప్పేశాను. ఎదుటివాడికి మిగిలింది తలూపడమే. "అర్థమైంది కదా", "రేపటికి అయిపోతుంది కదా", "ఎవరికీ ఇబ్బంది లేదు కదా"... రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కపెట్టండి. నేను ఒక రోజు లెక్కపెట్టాను. మధ్యాహ్నానికే పదిహేడు.

ఇప్పుడు ఫోన్ జేబులో పెట్టి, "ఈ రోజు ఎక్కడ తేడాగా అనిపించింది?" అని అడుగుతున్నాను. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని భరించడమే అన్నిటికంటే కష్టం. ఇంకొకటి, "ఒకసారి నా దగ్గరికి రండి" అని ఊరికే మెసేజ్ పెట్టడం మానేశాను. విషయం రాయకపోతే వాళ్లు రాత్రంతా టెన్షన్ పడతారు. "సంక్రాంతి సెలవుల గురించి మాట్లాడాలి" అని రాయడానికి పది సెకన్లు పట్టదు.

అరిచిన విషయానికి అందరి ముందే క్షమాపణ చెప్పాను, ఎందుకంటే అరిచింది అందరి ముందే కాబట్టి. వెంటనే ఏమీ మారలేదు. నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఆ కుర్రాడి నుంచి ఫోన్ వచ్చింది.

"సర్, పడుకున్నారా? కరెంటు పోయి వచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి గోదాముకు వచ్చాను. మీటరు 7 చూపిస్తోంది. పర్వాలేదేమో గానీ, చెబుదామని చేశాను."

"మంచి పని చేశావు నాన్నా. అక్కడే ఉండు, వస్తున్నాను" అని బండి తాళం తీసుకున్నాను.