పార్క్ స్ట్రీట్‌లో రైలు మారుతున్నారా? మీ కాళ్ల కింద ఉన్న కథ ఇది

[మెట్ల మీద కెమెరా. పైన గ్రీన్ లైన్ బోర్డు, కింద రెడ్ లైన్ బోర్డు.]

నమస్తే అందరికీ. నేనిప్పుడు బోస్టన్‌లో, పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో, గ్రీన్ లైన్ నుంచి రెడ్ లైన్‌కి దిగే మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఒక్క క్షణం మాట్లాడకుండా ఉంటాను, మీరు కింద వైపు చూడండి.

కింద నుంచి గాలి కొడుతోంది కదా, నా చున్నీ చూడండి ఎలా ఎగురుతోందో. అంటే రెడ్ లైన్ రైలు సొరంగంలో దగ్గరికి వచ్చేసిందన్నమాట. రైలు తన ముందున్న గాలిని తోసుకుంటూ వస్తుంది, అందుకే రైలు కనిపించక ముందే గాలి మనకి తగులుతుంది. రోజూ ఇక్కడ మారేవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నా సరే, గాలి తగలగానే గబగబా దిగేస్తారు. అదిగో, ఆ నీలం బ్యాగు ఆయన మెట్లు రెండేసి దూకుతున్నాడు.

పోయిన సెప్టెంబర్‌లో మా ఊరి అబ్బాయి ఒకడు ఇక్కడి నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చేరాడు. వచ్చిన నాలుగో రోజు ఇక్కడి నుంచే ఫోన్. "అక్కా, రెడ్ లైన్‌లో కెండల్ స్టేషన్‌కి వెళ్లాలి, ఇన్‌బౌండ్ ఎక్కమన్నారు, ఇక్కడ ఇన్‌బౌండ్ అనే బోర్డే లేదు, తప్పు స్టేషన్‌లో దిగానా?" అని ఒకటే టెన్షన్. వాడు దిగింది సరైన స్టేషనే. వాడికి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేశాను కానీ, అసలు ఈ స్టేషన్ ఇలా ఎందుకుందో, ఈ మెట్లు ఎవరి కోసం పుట్టాయో చెప్పాలంటే 1890ల దాకా వెళ్లాలి. అందుకే ఈ వీడియో.

ముందు ఒక్క మాట తేల్చుకుందాం. ఇక్కడ పై అంతస్తులో నడిచే గ్రీన్ లైన్, మన హైదరాబాద్ మెట్రో లాంటిది కాదు. అది లైట్ రైల్, అంటే ట్రాము వంశం. ఊరి బయట వైపు కొన్ని బ్రాంచుల్లో రోడ్డు మధ్యలోనే పట్టాలు, సిగ్నల్ పడితే కార్లతో పాటు ఆగుతుంది, పైన వైరు నుంచి కరెంటు తీసుకుంటుంది, రెండేసి కోచ్‌లతో వచ్చి సిటీ మధ్యకి రాగానే సొరంగంలోకి దిగిపోతుంది. కింది అంతస్తులో ఉన్న రెడ్ లైన్ మాత్రం అసలు సిసలు మెట్రో. ఎత్తు ప్లాట్‌ఫాం, పొడవాటి రైలు, పట్టాల పక్కనే ఉండే మూడో పట్టాలో కరెంటు. ఒకే స్టేషన్‌లో రెండు రకాల రైళ్లు, ఒకదాని మీద ఒకటి. పేరుకి రెండూ ఇక్కడివాళ్లు 'టీ' అని పిలుచుకునేవే, కానీ స్వభావం వేరు.

[పాత ఫొటో: ట్రెమాంట్ స్ట్రీట్, వరసగా ట్రాములు.]

1890ల్లో మన తల మీద ఉన్న ఈ ట్రెమాంట్ స్ట్రీట్ ఇలా ఉండేది. మొదట గుర్రాలు లాగే ట్రాములు, 1889 నుంచి కరెంటు ట్రాములు. కరెంటు వచ్చాక ఊరు నాలుగు వైపులా పెరిగింది, శివార్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లంతా పొద్దున్నే ఈ ఒక్క ఇరుకు వీధిలోకే రావాలి. గుర్రపుబళ్లు, సరుకు బళ్లు, జనం, వాటి మధ్య ట్రాముల వరస. ట్రాముల పైకప్పుల మీద అడుగులేసుకుంటూ పోతే లోపల కూర్చున్నవాళ్ల కన్నా ముందు చేరొచ్చని ఊళ్లో చెప్పుకునేవాళ్లట. సాయంత్రం అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బస్సులో ఇరుక్కున్న వాళ్లెవరికైనా ఆ బాధ ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఏం చెయ్యాలి? రోడ్డు వెడల్పు చేద్దామంటే ఒక పక్క కొట్లు, ఇంకో పక్క బోస్టన్ కామన్. కామన్ అంటే 1634 నుంచి ఊరి ఉమ్మడి మైదానం, దాన్ని కోసి రోడ్డుకి ఇవ్వడానికి జనం ససేమిరా ఒప్పుకోలేదు. దాంతో ట్రాముల్నే భూమిలోకి దింపుదామన్న ఆలోచన గట్టిపడింది. అప్పటికి లండన్‌లో భూగర్భ రైలు ఉంది కానీ, అమెరికాలో ఎక్కడా లేదు. భూమి కింద గాలి మంచిది కాదని భయపడ్డవాళ్లున్నారు, నెలల తరబడి వీధి తవ్వి పడేస్తే మా వ్యాపారం ఏం కావాలని కొట్లవాళ్లు గొడవ చేశారు. చివరికి 1894 జులైలో ఓటింగ్ పెట్టారు. ఎంత తేడాతో గెలిచిందో తెలుసా? సొరంగం కావాలని 15,369, వద్దని 14,298. వెయ్యికి కాస్త పైన. ఇంకో ఆరొందల మంది మనసు మార్చుకుని ఉంటే ఈ మెట్లు లేవు.

1895 మార్చి 28న పబ్లిక్ గార్డెన్ దగ్గర మొదటి పార పడింది. హోవర్డ్ కార్సన్ అనే ఆయన చీఫ్ ఇంజనీర్. పద్ధతి చాలావరకు సూటిదే, పై నుంచి కందకం తవ్వడం, గోడలు లేపడం, పైకప్పు వేసి మళ్లీ మట్టి కప్పేయడం. కానీ బాయిల్‌స్టన్ వీధి వైపు తవ్వుతుంటే పాత శ్మశానం అంచు తగిలింది. ఎముకలు బయటపడటం మొదలైంది. ఒక డాక్టర్‌ని పిలిపించి లెక్క పెట్టించారు, దాదాపు 910 మంది అస్థికలు. వాటిని అదే శ్మశానంలో ఒక చోట మళ్లీ పూడ్చారు. ఇది చదివిన రోజు నుంచి బాయిల్‌స్టన్ మలుపు దగ్గర రైలు చక్రాలు కీచుమని అరిచినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆ మలుపు నిజంగానే చాలా పదును, వీధి ఎలా తిరిగితే సొరంగం అలాగే తిరిగింది, ఈ రోజుకీ అంతే.

ఇంకా పెద్ద దెబ్బ 1897 మార్చి 4న. అదే బాయిల్‌స్టన్, ట్రెమాంట్ కూడలి. తవ్విన చోట వీధి మీద చెక్కలు పరిచి పైన ట్రాఫిక్ నడిపిస్తున్నారు. ఆ చెక్కలకీ కింద సొరంగం కప్పుకీ మధ్య ఖాళీలో, పగిలిన పైపు నుంచి గ్యాస్ చేరింది. పైన వెళ్తున్న ట్రాము నిప్పురవ్వ చాలు. పది మంది దాకా చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. వీళ్లు సొరంగంలోకి దిగినవాళ్లు కూడా కాదు, పైన వీధిలో తమ పని మీద పోతున్న మామూలు జనం. ఆరు నెలలు తిరక్కుండానే అదే ఊరివాళ్లని భూమి కిందకి దిగి ట్రాము ఎక్కమనాలి. వచ్చారా అంటే, వచ్చారు. 1897 సెప్టెంబర్ 1, పొద్దున్న ఆరు గంటల వేళ, ఆల్‌స్టన్ నుంచి బయల్దేరిన ట్రాము, వంద మందికి పైగా వేలాడుతూ, సొరంగంలోకి దిగి ఇక్కడికి, పార్క్ స్ట్రీట్‌కి చేరింది. అమెరికాలో మొదటి సబ్‌వే ఇదే. న్యూయార్క్‌ది 1904లో వచ్చింది. ఇంకో మంచి విషయం, మొత్తం పని 50 లక్షల డాలర్ల అంచనా అయితే 42 లక్షల చిల్లరతో పూర్తి చేశారు. అంచనా కన్నా తక్కువలో!

[గ్రీన్ లైన్ ప్లాట్‌ఫాం. పట్టాలు దగ్గరగా.]

ఇప్పుడు ఈ పట్టాలు చూడండి. ప్లాట్‌ఫాం ఎంత కిందకి ఉందో చూశారా, ఫుట్‌పాత్ ఎక్కినంత ఎత్తు, అంతే. ఎందుకంటే ఇక్కడికి రావాల్సింది వీధి ట్రాము, దానికి ఎత్తు ప్లాట్‌ఫాంతో పని లేదు. మొత్తం నాలుగు పట్టాలు. బయటి జత ముందుకు సాగిపోయే ట్రాములకి, లోపలి జత ఇక్కడే గుండ్రంగా తిరిగి వెనక్కి పోయే ట్రాములకి. పడమటి నుంచి వచ్చిన బండి డ్రైవర్ ఈ చివర నుంచి ఆ చివరకి మారే పని లేకుండా అలా చుట్టు తిరిగి మళ్లీ జనాన్ని ఎక్కించుకుని పోయేది. గ్రీన్ లైన్ బీ బ్రాంచ్ 2021 దాకా ఇక్కడి నుంచే వెనక్కి తిరిగేది.

మధ్యలో 1901 నుంచి 1908 దాకా ఒక చిత్రమైన ఏర్పాటు నడిచింది. అప్పుడే కట్టిన ఎలివేటెడ్ రైళ్లకి, అంటే వీధుల పైన స్తంభాల మీద నడిచే రైళ్లకి, సిటీ మధ్యలో దారి లేక, వాటిని కూడా ఇదే సొరంగంలోంచి పోనిచ్చారు. దానికోసం ఇక్కడ ఎత్తు ప్లాట్‌ఫాంలు వేశారు, వాటికి వేరే సొరంగం తయారయ్యాక తీసేశారు. అది అలా ఉంచుదాం.

అసలు మలుపు 1912 మార్చి 23. నదికి అవతల కేంబ్రిడ్జ్ నుంచి, హార్వర్డ్ నుంచి కొత్త సబ్‌వే వచ్చింది. దాని చివరి స్టేషన్ ఎక్కడ పెట్టాలి? ట్రాములన్నీ చేరే చోటే, వాటి కిందే. పాత స్టేషన్ కింద ఇంకో అంతస్తు తవ్వి, దానికి 'పార్క్ స్ట్రీట్ అండర్' అని పేరు పెట్టారు. హార్వర్డ్ నుంచి ఇక్కడికి ఎనిమిది నిమిషాలు. ఆ రోజు నుంచి ఇది మామూలు స్టేషన్ కాదు, మారే స్టేషన్. నేను నిలబడ్డ ఈ మెట్లకి అర్థం ఆ రోజే వచ్చింది.

[రెడ్ లైన్ ప్లాట్‌ఫాం. రైలు ఆగుతోంది.]

ఇది దగ్గర నుంచి చూపిస్తాను, నాకు ఈ స్టేషన్‌లో బాగా ఇష్టమైన సంగతి ఇదే. రెడ్ లైన్‌కి ఇక్కడ మూడు ప్లాట్‌ఫాంలు. రెండు పక్కలా రెండు, నడిమిన ఒకటి. రైలు ఆగింది... చూడండి, అటు తలుపులూ తెరుచుకున్నాయి, ఇటు తలుపులూ తెరుచుకున్నాయి. కోచ్‌లో ఉన్నవాళ్లు ఎడమకీ దిగుతున్నారు, కుడికీ దిగుతున్నారు. గుంపు రెండుగా చీలిపోతుంది కాబట్టి తలుపు దగ్గర తోపులాట తగ్గుతుంది, రైలు తొందరగా కదులుతుంది. పై నుంచి వచ్చే మెట్లు కూడా వేరువేరు ప్లాట్‌ఫాంలకి దిగుతాయి. ఏ మెట్టు ఎటు దింపుతుందో తెలిసినవాళ్లకి మారడం నిమిషం పని.

ఇక్కడొక మాట మనసులోంచి చెప్పాలి. 1895లో బోస్టన్‌లో గొయ్యి తవ్వడం మొదలైందని చెప్పాను కదా, సరిగ్గా ఆ ఏడే మన మద్రాసులో కరెంటు ట్రాము మొదలైంది. మనవాళ్లెందరో అక్కడ చదువుకునేటప్పుడు, ఉద్యోగాలు చేసేటప్పుడు ఎక్కిన ట్రామే. 1953లో అది ఆగిపోయింది. అమెరికాలోనూ అంతే, చాలా ఊళ్లలో ట్రాములు పీకేసి బస్సులు పెట్టారు. బోస్టన్‌లో కూడా చాలా రూట్లు పోయాయి, కానీ సొరంగంలోకి దిగే రూట్లు కొన్ని నిలబడ్డాయి. ఎందుకంటే ట్రెమాంట్ స్ట్రీట్ అంత ఇరుకైన చోట, సొరంగంలో ట్రాము మోసినంత మందిని పైన రోడ్డు మీద బస్సులు మోయలేవు. వీధిలో పట్టా ఉంటే ఒక రాత్రి పీకేయొచ్చు, భూమి కింద సొరంగం ఉంటే అది అడ్డం పడుతుంది. అందుకే నా ఉద్దేశంలో ట్రాముల కోసం కట్టిన ఈ సొరంగమే చివరికి ట్రాముల్ని కాపాడింది. 1959లో ఒక పాత రైల్వే లైన్‌ని కూడా ట్రాము దారిగా మార్చి రివర్‌సైడ్ దాకా నడిపారు, 2022లో అటు పక్క మెడ్‌ఫర్డ్ దాకా పొడిగించారు. మద్రాసుకి ఆ అదృష్టం దక్కలేదు.

రంగుల పేర్లు మాత్రం తర్వాతవి. 1964లో ఎంబీటీఏ, అంటే ఇక్కడి రైళ్లూ బస్సులూ నడిపే సంస్థ, ఏర్పడ్డాక, ఆ మరుసటి ఏడు లైన్లకి రంగులు పెట్టారు. హార్వర్డ్ వాళ్ల రంగు ఎరుపు కాబట్టి అటు పోయేది రెడ్, పార్కుల వరస పక్కనుంచి పోయేది గ్రీన్.

ఇక మా ఊరి ఆ అబ్బాయి ప్రశ్న. బోస్టన్‌లో ఇన్‌బౌండ్ అంటే సిటీ నడిబొడ్డుకి వెళ్లేది, అవుట్‌బౌండ్ అంటే అక్కడి నుంచి బయటికి పోయేది. ఆ నడిబొడ్డు ఎక్కడ? ఇదిగో, పార్క్ స్ట్రీటూ, దీని చుట్టుపక్కల రెండు మూడు స్టేషన్లూ. నడిబొడ్డులోనే నిలబడితే లోపలికి అనేదేముంటుంది, ఎటు వెళ్లినా బయటికే కదా! కాబట్టి ఇక్కడ ఆ మాట మర్చిపోండి. రెడ్ లైన్‌లో చివరి స్టేషన్ పేరు చూడండి. కెండల్, హార్వర్డ్ వైపు అయితే ఏల్‌వైఫ్. అటు సౌత్ స్టేషన్ వైపు అయితే ఆష్‌మాంట్ లేదా బ్రెయిన్‌ట్రీ. నడిమి ప్లాట్‌ఫాంలో రెండు వైపులా రైళ్లు వస్తాయి కాబట్టి వచ్చింది కదా అని ఎక్కేయకండి, పేరు చదివి ఎక్కండి.

గ్రీన్ లైన్‌లో అయితే బీ, సీ, డీ, ఈ అని నాలుగు బ్రాంచులు, అన్నీ ఇదే సొరంగంలోకి వచ్చి కలుస్తాయి. అందుకే ఎక్కడో రోడ్డు మీద ఒక బండి ఆలస్యమైతే ఆ దెబ్బ ఇక్కడ అన్నిటికీ తగులుతుంది. పది నిమిషాలు ఏదీ రాదు, తర్వాత మూడు వరసగా వస్తాయి. దీనికి ఎవర్నో తిట్టుకునే ముందు, ఇది 1897 కొలతల సొరంగమని గుర్తు పెట్టుకోండి. పోయినేడు మా అమ్మ వచ్చినప్పుడు, మోకాళ్ల నొప్పితో ఆ పాత కోచ్ మెట్లు ఎక్కలేకపోయింది. పక్కన ఉన్న ఒకావిడ "రెండో కోచ్‌కి మెట్లు లేవు, అది ఎక్కించండి" అని చెప్పింది. నిజమే, చాలా రైళ్లలో ఒకటి పాత కోచ్, ఒకటి లో-ఫ్లోర్ కోచ్ ఉంటాయి. పెద్దవాళ్లతో వస్తే ముందే అటు నిలబడండి. రెడ్ లైన్‌కి దిగడానికి లిఫ్ట్ కూడా ఉంది.

మనవాళ్లకి ఈ స్టేషన్ ఎందుకింత అవసరమో మ్యాప్ చూస్తే అర్థమైపోతుంది. నార్త్‌ఈస్టర్న్ గ్రీన్ లైన్ 'ఈ' (E) బ్రాంచ్ మీద. బోస్టన్ యూనివర్సిటీ బీ బ్రాంచ్ మీద. ఎంఐటీ, హార్వర్డ్, యూమాస్ బోస్టన్ రెడ్ లైన్ మీద. కెండల్ చుట్టూ ఉన్న బయోటెక్, సాఫ్ట్‌వేర్ ఆఫీసులూ రెడ్ లైన్ మీదే. చదువు ఒక లైన్‌లో, ఉద్యోగం ఇంకో లైన్‌లో, రెండూ కలిసేది ఇక్కడ. సాయంత్రం ఆరింటికి ఈ మెట్ల మీద ఐదు నిమిషాలు నిలబడండి, "ఎక్కడున్నావ్ రా, మెట్ల దగ్గరే ఉన్నా" అని తెలుగు వినపడకపోతే అడగండి.

టైముంటే ఒకసారి పైకి కూడా వెళ్లండి. కామన్ మూలన 1897 నాటి రాతి ప్రవేశ మండపాలు రెండు ఇంకా ఉన్నాయి, ఎదురుగా పార్క్ స్ట్రీట్ చర్చి, గట్టు మీద స్టేట్ హౌస్ బంగారు గుమ్మటం. మళ్లీ లోపలికి దిగాక గోడ మీద 1978లో సెరామిక్ ముక్కలతో చేసిన పెద్ద బొమ్మ ఒకటి ఉంటుంది, లిలీ ఆన్ రోసెన్‌బర్గ్ అనే ఆవిడ చేసింది. రోజూ వేలమంది దాని పక్కనుంచే పరిగెడతారు. ఒక రైలు వదిలేసైనా సరే, దగ్గరికెళ్లి చూడండి.

[మళ్లీ మెట్లు.]

అదిగో, గాలి మళ్లీ మొదలైంది. ఏల్‌వైఫ్ వైపుదే అనుకుంటా. నేను కెండల్‌లో దిగాలి, వెళ్తున్నా.