అంగారకుడిపై పుట్టేవాళ్లు మనలాగే ఉంటారా?

సమన్వయకర్త: నమస్కారం. అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ 340 రోజులు అంతరిక్ష కేంద్రంలో గడిపి 2016లో తిరిగొచ్చారు. ఆయన డీఎన్ఏ 7 శాతం మారిందని 2018లో వార్తలొచ్చాయి. అంటే మనిషిలో జీవపరిణామం మొదలైనట్టేనా, డాక్టర్ గారూ?

వైద్యురాలు: ఆ వార్తే తప్పండీ. జన్యువులు అవే. వాటిలో కొన్ని పనిచేసే తీరు మారింది. భూమ్మీదే ఉన్న కవల సోదరుడు మార్క్‌తో పోల్చి చూశారు కాబట్టి ఇది తెలిసింది. ఆరు నెలల్లో 90 శాతానికి పైగా మామూలైపోయింది.

జన్యుశాస్త్రవేత్త: అసలు ఒకరి ఒంట్లో వచ్చే మార్పు పరిణామమే కాదు. వస్తాదు కొడుకు కండలతో పుట్టడు కదా!

సమన్వయకర్త: కానీ అంతరిక్షంలో ఎముకలు అరిగిపోతాయంటారు...

వైద్యురాలు: నిజమే. తగిన వ్యాయామం లేకపోతే బరువు మోసే ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. అంగారకుడి ఆకర్షణ భూమితో పోలిస్తే 38 శాతమే. అక్కడ పెరిగే పిల్లల ఎముకలు భూమి బరువుకు ఆగుతాయా అన్నది నా భయం.

జన్యుశాస్త్రవేత్త: నా భయం వేరు. ఎంతమంది వెళ్తారు? వందమందే వెళ్లి, తరాల తరబడి వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకుంటే, ఆ వందమందిలో ఒకరి దగ్గరున్న లోపం కూడా ఊరంతా పాకుతుంది. దీనికి అంగారకుడిదాకా వెళ్లక్కర్లేదు. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం నిమిషాల్లో పోవలసింది గంటలకొద్దీ ఉండిపోతుంది. దాన్ని విరిచే ఎంజైము వాళ్లలో లోపించడమే కారణం. ఎండా వానా తెచ్చిన మార్పు కాదది, తరతరాలుగా ఒకే గుంపులో సంబంధాలు కలుపుకోవడం వల్ల నిలిచిపోయింది.

సమన్వయకర్త: అంటే మేనరికాలు అక్కడికీ వస్తాయన్నమాట! మరి రేడియేషన్ పరిణామాన్ని వేగవంతం చేస్తుందంటారే?

జన్యుశాస్త్రవేత్త: ఉత్పరివర్తనలు, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులు, పెరగొచ్చు. వాటిలో పనికొచ్చేవి బహు తక్కువ, హాని చేసేవే ఎక్కువ. క్యాన్సర్‌ను పరిణామం అనలేం.

వైద్యురాలు: పెళ్లిళ్లదాకా ఎందుకండీ, ముందు కాన్పు సంగతి చూద్దాం. జపాన్ శాస్త్రవేత్తలు ఎండబెట్టిన ఎలుక వీర్యాన్ని దాదాపు ఆరేళ్లు అంతరిక్ష కేంద్రంలో ఉంచారు. దాంతో ఆరోగ్యకరమైన పిల్లలు పుట్టాయని 2021లో ప్రకటించారు. కానీ ఆ గర్భాలన్నీ నిలిచింది భూమ్మీదే. పైగా అంతరిక్ష కేంద్రం తిరిగేది భూ అయస్కాంత క్షేత్రం రక్షణలోనే. అంగారకుడికి అలాంటి కవచం లేదు.

సమన్వయకర్త: ప్రొఫెసర్ గారూ, మీరైతే ఎవరిని పంపుతారు?

జన్యుశాస్త్రవేత్త: ఒకే దేశం వాళ్లను మాత్రం పంపను. ఆఫ్రికా నుంచి ఎక్కువమందిని తీసుకుంటాను. మనుషుల్లో జన్యు వైవిధ్యం అన్నిటికన్నా ఎక్కువున్నది అక్కడే.