యానిమే పేర్లలో చెవికి అందని అర్థం

[తెరపై: బల్ల మీద ఒప్పంద పత్రం, పక్కన కలం]

ఒక యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్ సినిమాలో, పదేళ్ల పిల్ల ఒప్పంద పత్రం మీద తన పేరు రాస్తుంది: ఒగినో చిహిరో. స్నానశాల యజమానురాలు యుబాబా ఆ కాగితం మీద చేయి ఆడించగానే అక్షరాలు గాల్లోకి లేచి ఆమె గుప్పిట్లోకి చేరిపోతాయి. కాగితం మీద ఒక్క అక్షరమే మిగులుతుంది. ఇకనుంచి ఆ పిల్ల పేరు సెన్.

చిహిరోలో సెన్ ఎక్కడుంది? మిగిలిన ఆ అక్షరానికి అర్థం వేయి. చిహిరో అనే పేరులో దాన్ని 'చి' అని చదువుతారు, విడిగా ఉంటే 'సెన్' అంటారు. 'చి' అచ్చ జపనీస్ మాట, 'సెన్' చైనా నుంచి వచ్చింది. 1000 అని రాసి ఉంటే మనం ఒకచోట వేయి అని, మరోచోట సహస్రం అని చదివినట్లన్నమాట.

హయావో మియాజాకి 2001లో తీసిన ఈ సినిమా మనకు 'స్పిరిటెడ్ అవే'గా తెలుసు. జపనీస్ పేరు 'సెన్ తో చిహిరో నో కమికకుషి'. కమి అంటే దేవత, కకుషి అంటే దాచడం. ఎవరైనా ఉన్నట్టుండి కనిపించకుండా పోతే దేవతలే దాచేశారని అక్కడ పూర్వం అనుకునేవారు. సెన్‌నూ చిహిరోనూ దేవతలు దాచేశారు అంటోంది ఆ పేరు. కానీ ఉన్నది ఒక్క పిల్లే! సొంత పేరు మరిచిపోతే ఇంటికి దారి దొరకదన్నదే కథ. ఇంగ్లిష్ పేరు అందంగా ఉంది, కాదనను. కానీ ఆ రెండు పేర్లూ అందులో లేవు. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

మకోతో షింకాయ్ 2016 సినిమా 'కిమి నో నా వా' సంగతి వేరు. చివరి 'వా' వాక్యాన్ని ఎత్తుకుని మధ్యలోనే వదిలేస్తుంది. "నీ పేరు..." అని మనం అడగబోయి ఆగామే, అదే అది.

[తెరపై: చీకట్లో దోమతెర, లోపల మెరిసే చుక్కలు]

ఇక 'హోతారు నో హకా'. అకియుకి నోసాకా 1967లో రాసిన కథను ఇసావో తకహాతా 1988లో తెరకెక్కించారు. 'నో' అంటే మన షష్ఠీ విభక్తి. మాటల వరుస కూడా మనదే: మిణుగురుల సమాధి.

హోతారును మామూలుగా ఒకే అక్షరంతో రాస్తారు. ఈ పేరులో అలా రాయలేదు. నిప్పుకు ఒక అక్షరం, కిందికి జారడానికి ఇంకో అక్షరం వాడి అదే హోతారును పలికించారు. పైకి వినిపించేది పురుగు పేరే. చదివేవాడి కంటికి మాత్రం 1945లో కోబె నగరం మీద కురిసిన నిప్పుబాంబులు కనిపిస్తాయి.

సినిమాలో అన్నాచెల్లెళ్లు మిణుగురులను పట్టి దోమతెరలో వదులుతారు. తెల్లారేసరికి అవన్నీ చచ్చిపోతాయి. నాలుగేళ్ల సెత్సుకో చిన్న గుంట తవ్వి వాటిని పూడుస్తూ, అమ్మ కూడా సమాధిలోనే ఉంది కదా అంటుంది. అన్న దాచిపెట్టిన సంగతి ఆ పిల్లకు ముందే తెలుసు.

'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' అనే ఇంగ్లిష్ పేరులో మిణుగురులు ఉన్నాయి, జారే నిప్పు లేదు. తెలుగులో మాత్రం మిణుగురు అంటే నిప్పురవ్వ కూడా. అందుకే ఈ సినిమాకు ఎవరైనా తెలుగు పేరు పెడితే 'మిణుగురుల సమాధి' అనే ఉంచాలి. మధ్యలో 'పురుగు' అనే మాట చేర్చవద్దు.