ఆబిద్ అలీ కొట్టిన ఫోర్

శ్రోతలకు నమస్కారం. 2025 మార్చి 12న అమెరికాలోని కాలిఫోర్నియాలో సయ్యద్ ఆబిద్ అలీ 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాదులో పుట్టి, భారత జట్టు తరఫున 29 టెస్టులు ఆడిన ఆ ఆల్‌రౌండర్ పేరు మన ఓరుగల్లు కుర్రవాళ్లలో చాలామందికి తెలియదు. కానీ ఉదయపు నడకకు హనుమకొండ ఆర్ట్స్ కళాశాల మైదానానికి వచ్చే పెద్దలు ఆ కబురు వినగానే అన్న మాట ఒక్కటే: "ఓవల్ల ఫోర్ కొట్టింది ఆయననే గదా!"

ఆ ఫోర్ సంగతి ముందు చెప్పుకుందాం. 1971 ఆగస్టు 24, వినాయక చవితి రోజు. లండన్‌లోని ఓవల్ మైదానంలో సిరీస్‌లోని చివరి టెస్టు జరుగుతోంది. ఇంగ్లండు గడ్డ మీద భారతదేశం అప్పటిదాకా ఒక్క టెస్టు కూడా గెలవలేదు. రెండో ఇన్నింగ్స్‌లో చంద్రశేఖర్ 38 పరుగులకే 6 వికెట్లు తీయడంతో ఇంగ్లండు 101కి కూలిపోగా, మనవాళ్ల ముందు నిలిచిన లక్ష్యం 173. చివరి రోజు ఆట మొదలవుతూనే కెప్టెన్ వాడేకర్ రనౌట్ అయ్యారు. సర్దేశాయి 40, విశ్వనాథ్ 33 పరుగులతో మెల్లగా ముందుకు లాక్కొచ్చారు. గెలుపుకు ఇంకా 3 పరుగులు కావలసి ఉండగా విశ్వనాథ్ కూడా వెనుదిరిగారు. అప్పుడు క్రీజులోకి వచ్చినవారు ఆబిద్ అలీ. అవతలి వైపు ఫరూఖ్ ఇంజనీర్, బంతి లక్‌హర్స్ట్ చేతిలో. ఆబిద్ అలీ కొట్టిన బంతి బౌండరీ దాటింది, జనం మైదానంలోకి పరుగెత్తారు. చవితి పండుగ కదా అని మన అభిమానులు జంతుప్రదర్శనశాల నుంచి ఒక ఏనుగును కూడా ఆ మైదానానికి తెప్పించారు.

కాజీపేట లోకో షెడ్డులో పనిచేసిన మా పెద్దబాపు ఆ సాయంత్రం రేడియో ముందే కూర్చున్నారట. కామెంటరీ ఉన్నట్టుండి దూరమై, గరగర శబ్దంలో కలిసిపోయి, మళ్లీ దగ్గరికి వచ్చేదని, అది దూరమైన ప్రతిసారీ ఒక వికెట్ పడిపోయిందేమోనని గుండె దడదడలాడేదని, ఇంట్లో ఉండ్రాళ్లు చల్లారిపోతున్నా ఎవరూ లేవలేదని ఆయన చెప్పేవారు. ఆబిద్ అలీ ముఖాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. చెవితో మాత్రమే ఎరుగుదురు. అయినా ఆ ఫోర్ గురించి కళ్లారా చూసినట్టే చెప్పేవారు.

ఆ ఒక్క దెబ్బతోనే ఆబిద్ అలీని గుర్తుపెట్టుకోవడం నాకు కొంత వెలితిగానే తోస్తుంది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీసినవారాయన. అదే సిరీస్‌లో సిడ్నీలో బ్యాటుతో 78, 81 పరుగులు చేశారు. 1971లోనే, ఓవల్‌కు ముందు మాంచెస్టర్‌లో మొదటిరోజు భోజన విరామంలోపే తొలి 4 వికెట్లు పడగొట్టి ఇంగ్లండును 41 పరుగులకు 4 వికెట్ల స్థితికి దించారు. అంతకుముందు వెస్టిండీస్‌లో ఆ జట్టు మేటి బ్యాటర్లు కన్హాయ్‌ని, సోబర్స్‌ను వరుస బంతుల్లో బౌల్డ్ చేశారు. కన్హాయ్, సోబర్స్, వరుసగా రెండు బంతులు! ఇక స్పిన్నర్లే గెలిపించే నాటి భారత జట్టులో కొత్త బంతి పట్టుకుని నాలుగు ఓవర్లు వేసి తప్పుకోవడం, వికెట్ల మధ్య మెరుపులా పరుగెత్తి ఒకటిని రెండు చేయడం, ఫీల్డింగులో పరుగులు ఆపడం ఆయన నిత్యం చేసిన పనులు. వీటిలో చాలా భాగం స్కోరుకార్డులో కనిపించదు. కాబట్టే, చూసినవారు, విన్నవారు చెప్పకపోతే అది నిలవదు.

ఆ ఓవల్ జట్టులో సోల్కర్, సర్దేశాయి, అశోక్ మన్కడ్, వాడేకర్ ఎప్పుడో వెళ్లిపోయారు. 2023లో బేడీ పోయారు. అదే 2023లో సికింద్రాబాదు బిడ్డ, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు చేసిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఫిబ్రవరిలో, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులోని మహమ్మద్ హబీబ్ ఆగస్టు 15న కన్నుమూశారు. ఆటగాళ్లతో పాటు వారి ఆటను రేడియోలో విన్న తరమూ తగ్గిపోతోంది.

అందుకని మీకు ఒక్క పని చెబుతాను, ఒక్కటే. ఏ ఆటగాడైనా పోయాడన్న వార్త వచ్చిన రోజు, ఫొటో పంపి చేతులు జోడించే బొమ్మ పెట్టడంతో ఆగకండి. ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో, పక్కింటి పెద్దాయనో ఉంటే దగ్గర కూర్చుని, "ఆ రోజు మీరు ఎక్కడున్నారు? ఎవరింటి రేడియో? పక్కన ఎవరున్నారు?" అని అడగండి. "ఆయన గొప్ప ఆటగాడేనా?" అని అడిగితే "అవును" అనే సమాధానం ఒక్కటే వస్తుంది, ఎక్కడున్నారని అడిగితే మాట సాగుతుంది. ఫోనులో రికార్డు చేయండి. మధ్యలో తేదీ తప్పు చెప్పినా దిద్దకండి, తేదీ మీరు తరువాత వెతుక్కోవచ్చు. చివరన చెప్పినవారి పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ మీ గొంతుతోనే చెప్పి దాచండి. ఒక నకలు ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా ఉంచండి.