టాప్ తీసేసే కారులో రాడార్ డిటెక్టర్: రేంజి కంటే ముందు చూడాల్సినవి

"రేంజి ఎంత వస్తుంది?"

పోలీసులు వేగం కొలిచే రాడార్‌ని ముందే పసిగట్టి కూత పెట్టే పెట్టె రాడార్ డిటెక్టర్. అది కొనేవాళ్లు ముందు అడిగేది ఇదే. కన్వర్టిబుల్, అంటే టాప్ దించుకునే కారు, నడిపేవాళ్లు కూడా ఇదే అడుగుతుంటే నాకు చిరాకేస్తుంది. మైళ్ల అవతల ఉన్న రాడార్‌ని పసిగట్టే ఖరీదైన పెట్టె కొంటారు. దాన్ని డ్యాష్‌బోర్డు మీద, విండ్‌షీల్డ్ అడుగున అతికిస్తారు. టాప్ దించి 70 మైళ్ల వేగంతో పోతుంటే గాలి హోరులో దాని కూత చెవిన పడదు, ఎండలో దాని స్క్రీన్ కనపడదు. ఇక ఆ రేంజి ఎవరికి ఉపయోగం?

ఈ వీడియో అమెరికాలో నడిపేవాళ్ల కోసం. ఉదాహరణకి మాజ్దా మియాటా తీసుకుంటున్నా. 2016 మోడల్ నుంచి వస్తున్న తరం, దాన్ని ఎన్‌డి అంటారు, బట్ట టాప్ ఉన్నది. పోర్షే బాక్‌స్టర్ అయినా, బీఎండబ్ల్యూ జెడ్4 అయినా తర్కం ఇదే.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. అమావాస్య రాత్రి పొలం గట్టు మీద ఒకాయన టార్చిలైటు వేసి నిలబడ్డాడు. ఆయనకి మీరు కనపడాలంటే ఆ వెలుగు మీ దాకా రావాలి, మీ మీద పడాలి, మళ్లీ వెనక్కి ఆయన కంటి దాకా పోవాలి. మీకు ఆయన టార్చి కనపడాలంటే? వెలుగు ఒకవైపు వస్తే చాలు. దూరం రెట్టింపైతే మీకు అందే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఆయనకి తిరిగి చేరేది పదహారో వంతుకి పడిపోతుంది. అందుకే ఆయన మిమ్మల్ని చూసేలోపే మీరు ఆయన్ని చూసేస్తారు. పోలీసు రాడార్ గన్ ఆ టార్చి. డిటెక్టర్ మీ కన్ను.

[స్క్రీన్ మీద: ఎక్స్ బ్యాండ్ 10.525, కె బ్యాండ్ 24.150, కెఎ బ్యాండ్ 33.8, 34.7, 35.5 గిగాహెర్ట్జ్]

ఈ టార్చీల రంగులు ఇవి, అంటే రాడార్ గన్లు వాడే పౌనఃపున్యాలు. ఇప్పుడు ఎక్కువగా వాడేది కెఎ, దాంట్లోనూ ఈ మూడు చోట్లే. కె కూడా ఉంది. ఎక్స్ చాలా రాష్ట్రాల్లో దాదాపు పోయింది. గన్ కొలిచేది తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యంలో తేడాని.  డిటెక్టర్‌కి ఈ లెక్కతో పనిలేదు. టార్చి వెలిగిందా లేదా, అంతే.

మరి చిక్కెక్కడ? ఊళ్లో టార్చీలు చాలామంది చేతుల్లో ఉన్నాయి. సూపర్‌మార్కెట్ ఆటోమేటిక్ తలుపు సెన్సార్ కె బ్యాండ్ మీదే పనిచేస్తుంది, దానికీ డిటెక్టర్ కూస్తుంది. పక్క లేన్‌లో పోయే కారు బ్లైండ్ స్పాట్ సెన్సార్లు కూడా చాలావాటిలో 24 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. కొత్త కార్లలో అవి 76, 77 గిగాహెర్ట్జ్‌కి మారాయి కాబట్టి కొంత నయం. వాటిని వడగట్టలేని చవక డిటెక్టర్ రోజంతా అరుస్తుంది. వారం తిరక్కముందే మీరే దాని నోరు నొక్కేస్తారు. కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఫిల్టర్లు. రేంజి విషయానికొస్తే మంచి కంపెనీల పై మోడళ్లన్నిటికీ అవసరానికి మించే ఉంది.

రెండోది బాణాలు. వెనక యాంటెన్నా కూడా ఉన్న డిటెక్టర్ టార్చి ముందుందా, వెనకుందా, పక్కనుందా చూపిస్తుంది. యూనిడెన్ ఆర్8, వాలంటైన్ వన్ జెన్2, ఎస్కార్ట్ రెడ్‌లైన్ 360సి, ఈ మూడింటికీ బాణాలున్నాయి. యూనిడెన్ ఆర్4కి లేవు, కానీ ముందువైపు చూపు దానికీ గట్టిదే. మూసిన కారులో అయితే బాణాల్లేకుండా నెట్టుకురావచ్చు, కూత వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని చెవితో అంచనా వేసుకోవచ్చు. టాప్ దించాక ఆ సున్నితం చెవికి అందదు. ఓరకంట ఒక్క చూపు చూస్తే విషయం తెలిసిపోవాలి. అందుకే టాప్ లేని కారుకి బాణాలు ఉండాల్సిందేనని నేను గట్టిగా చెప్తాను.

మూడోది జీపీఎస్. రోజూ ఒకే దారిలో పోతుంటే ఆ దారిలోని తలుపుల కూతల్ని డిటెక్టర్ గుర్తుపెట్టుకుని తర్వాత నోరు మూసుకుంటుంది. యూనిడెన్ ఆర్8లో జీపీఎస్ లోపలే ఉంది. వాలంటైన్‌లో లేదు, ఆ పని ఫోన్‌లో యాప్ చేయాలి. మియాటాలో ఫోన్ పెట్టుకునే చోటే కరువు. రోజూ ఆఫీసుకి ఇదే కారైతే నా ఓటు ఆర్8కి. శనాదివారాలు కొండదారులకే అయితే వాలంటైన్. పెట్టె చిన్నది, మెగ్నీషియం ఒళ్లు, ఎర్ర లైట్ల బాణాలు చూడగానే అర్థమవుతాయి.

ఇక అసలు విషయం, ఎక్కడ పెట్టాలి?

టార్చి దగ్గరికే రండి. గట్టు మీద నిలబడితే దూరపు వెలుగు కనపడుతుంది. కాలవలో కూర్చుంటే గట్టే అడ్డం. మియాటా మొత్తం ఎత్తే నాలుగడుగుల చిల్లర. మీ ముందు పికప్ ట్రక్కు పోతోందంటే మీరు కాలవలో ఉన్నట్టే. ఉన్న కాస్త ఎత్తునీ వదులుకుని డ్యాష్‌బోర్డు మీద పెడితే ఇంకా కిందికి దిగినట్టు. పైగా అక్కడ వైపర్లు అడ్డం, ఎండ సూటిగా కొడుతుంది, డిటెక్టర్ నీడ అద్దంలో తేలుతుంది. కాబట్టి పైనే, వెనక చూసే అద్దం దగ్గరే పెట్టాలి.

[దగ్గరి షాట్: విండ్‌షీల్డ్ పై అంచు మధ్యలో టాప్ లాచ్, దాని కింద అద్దం]

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఎన్‌డి టాప్‌ని విండ్‌షీల్డ్ అంచుకి పట్టి ఉంచేది ఒకే లాచ్, సరిగ్గా మధ్యలో. దాని పిడి తీసేటప్పుడు కిందికి, వెనక్కి ఊగుతుంది. మూసిన కార్ల వీడియోలు చూసి డిటెక్టర్‌ని అద్దం పైన బిగించారనుకోండి, టాప్ తీసిన ప్రతిసారీ వేళ్లు దానికి తగులుతాయి, లేదా పిడే దాన్ని గుద్దుతుంది. అద్దం కింద వేలాడదీస్తే, ఈ విండ్‌షీల్డ్ అసలే పొట్టిది, రోడ్డే కనపడదు. ఉన్న దారి ఒక్కటే: అద్దానికి ప్యాసింజర్ వైపు, పైకి నొక్కిపెట్టి. సన్ వైజర్ దించినప్పుడు తగలకూడదు. సీట్లో కూర్చుని చూడండి. అద్దం ఇప్పటికే కప్పేసిన చోటు వెనకే డిటెక్టర్ చాలావరకు దాక్కుంటే మీకు కొత్తగా పోయేదేమీ లేదు.

బిగించడానికి సక్షన్ కప్పు కంటే అద్దం కాడని పట్టుకునే క్లాంప్ మేలు. అల్యూమినియం కాలర్, రెండు స్క్రూలు. కొనేముందు కాడ మందం కొలవండి, కొలత తప్పితే పట్టదు. చెయ్యి వీలైనంత పొట్టిగా ఉంచండి. పైకప్పు లేని కారు ఒళ్లు కొంచెం మెలితిరుగుతుంది, గతుకుల్లో విండ్‌షీల్డ్ ఫ్రేమ్ వణుకుతుంది. పొడుగు చేతి చివర డిటెక్టర్ ఉంటే ఆ వణుకు రెట్టింపై అద్దం కూడా అదురుతుంది. అప్పుడు వెనకొచ్చే కార్లు మసకగా కనపడతాయి.

సక్షన్ కప్పే వాడతామంటే విండ్‌షీల్డ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే అంటించండి. టాప్ దించి ఎండలో వదిలిన కారులో రబ్బరు మెత్తబడి ఊడుతుంది. ఊడి పడేది సరిగ్గా గేర్ లివర్ మీద.

క్లాంప్ బిగించేటప్పుడు అందరూ మర్చిపోయేది ఒకటుంది. వెనక లైట్లకి తనంతట తానే నల్లబడే ఆటో డిమ్మింగ్ అద్దమైతే దాని వీపున, రోడ్డు వైపు, చిన్న కన్ను ఉంటుంది. బయట పగలా రాత్రా అని చూసేది అదే. దాన్ని డిటెక్టర్ కప్పేస్తే అద్దం పగలే రాత్రి అనుకుని నల్లబడుతుంది. అద్దం పాడైందని డీలర్ దగ్గరికి పరిగెత్తేవాళ్లున్నారు. లేన్ కెమెరా ఉన్న మోడల్ అయితే దాని ముందు కూడా ఏదీ రానివ్వద్దు.

డిటెక్టర్ రోడ్డుకి సమాంతరంగా ఉండాలి, ముక్కు పైకి ఎత్తకూడదు, కిందికి వాలకూడదు. విండ్‌షీల్డ్ బాగా వాలుగా ఉంటుంది కాబట్టి కంటి అంచనా మోసం చేస్తుంది. కారు సమంగా ఉన్న నేల మీద ఆపి, ఫోన్‌లో లెవెల్ పెట్టి చూడండి. విండ్‌షీల్డ్ అంచున ఉండే నల్ల చుక్కల పట్టీ వెనక పెట్టకండి. రాడార్ దాంట్లోంచి వస్తుంది, పోలీసు లేజర్ గన్ వెలుగు రాదు. గాజుకి అంటించే ఫిల్మ్, అంటే టింట్, లోహం కలిసినదైతే రాడార్ కూడా రాదు, సెరామిక్ టింట్‌తో ఇబ్బంది లేదు.

వెనకవైపు సంగతి కన్వర్టిబుల్‌కి కలిసొచ్చింది. టాప్ దించితే వెనక యాంటెన్నాకి హెడ్‌రెస్టులు తప్ప అడ్డం లేదు. టాప్ వేసినా బట్టలోంచి రాడార్ హాయిగా వస్తుంది.

ఇప్పుడు కరెంటు. సాకెట్ నుంచి డ్యాష్ మీదుగా సుడుల వైరు లాగితే టాప్ దించగానే అది గాలికి కొట్టుకుంటుంది. వద్దు. అద్దానికి వైర్లు వచ్చే మోడల్ అయితే అక్కణ్ణుంచే తీసుకోవచ్చు, జానెడు వైరు చాలు. కానీ మల్టీమీటర్ లేకుండా ముట్టుకోవద్దు.

[దగ్గరి షాట్: అద్దం వెనక కనెక్టర్, మల్టీమీటర్ మొన]

ఈ కనెక్టర్‌లో సాధారణంగా ఒక వైరు ఇగ్నిషన్ వేస్తే 12 వోల్టులు ఇస్తుంది, ఒకటి గ్రౌండు, ఇంకొకటి రివర్స్ గేరు వేసినప్పుడే 12 వోల్టులు ఇస్తుంది. ఆ మూడోదానికి తగిలిస్తే డిటెక్టర్ కారు వెనక్కి పోయినప్పుడే వెలుగుతుంది! గ్యారేజ్ తలుపు బటన్లున్న అద్దమైతే ఎప్పుడూ కరెంటుండే వైరు కూడా రావచ్చు, దాని మీద పెడితే బ్యాటరీ దిగిపోతుంది. ఇగ్నిషన్ వేసి 12, తీసేస్తే సున్నా. ఆ వైరే మీది.

అద్దానికి వైర్లు లేకపోతే ఫ్యూజు బాక్సు నుంచి. ఫ్యూజు దగ్గర్నుంచి కరెంటు తీసుకునే ఫ్యూజ్ ట్యాప్ కొనేముందు మీ కారులో ఫ్యూజు సైజు చూడండి, మినీ వేరు, లో ప్రొఫైల్ మినీ వేరు, మైక్రో2 వేరు. ట్యాప్‌లో 2 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. వైరుని ఫ్రేమ్ పై అంచున, రబ్బరు సీలుకి లోపల, ప్యాసింజర్ వైపు ఎ పిల్లర్ (విండ్‌షీల్డ్ పక్క స్తంభం) ట్రిమ్ వెనక నుంచి కిందికి దించండి. లాచ్ పడే గుంత మీదుగా మాత్రం వద్దు, టాప్ మూసిన ప్రతిసారీ వైరు నలుగుతుంది. సీలు బయటి అంచున పోనిస్తే వానలో ఆ వైరు వెంబడే నీళ్లు లోపలికి జారతాయి. పిల్లర్ ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుంటే వైరు దాని వెనక, ఎప్పుడూ ముందు కాదు. అన్నట్టు డిటెక్టర్ కరెంటు కేబుల్ చివరుండే ఫోన్ జాక్ లాంటి పిన్ను చాలా బ్రాండ్లకి ఒకేలా కనిపిస్తుంది, లోపల వరస వేరు కావచ్చు. మీ మోడల్‌కి ఇచ్చే కేబులే కొనండి.

టైమ్ దగ్గర పడుతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

శబ్దం. వాల్యూమ్ చివరిదాకా పెట్టండి. ఆటో మ్యూట్ తీసేయండి, అది రెండు మూడు సెకన్లకే గొంతు తగ్గించేస్తుంది. కెఎకి మిగతావాటితో కలవని టోన్ ఎంచుకోండి. చాలకపోతే ఆడియో జాక్ నుంచి చిన్న స్పీకర్ తలదగ్గరికి తెచ్చుకోండి. వాలంటైన్‌కి ఆడియో అడాప్టర్ విడిగా దొరుకుతుంది. బోస్ సిస్టమ్ ఉన్న మియాటాలో డ్రైవర్ హెడ్‌రెస్టులోనే స్పీకర్లున్నాయి. ఫోన్ యాప్ కూతని బ్లూటూత్‌తో వాటికి పంపితే చెవి పక్కనే మోగుతుంది, కానీ మీరు ఎఫ్‌ఎమ్ వింటుంటే ఆ కూత రాదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు, రెండు చెవులూ మూయడం చాలా రాష్ట్రాల్లో నేరం.

స్క్రీన్. ఎండలో ఓఎల్ఈడీ వెలవెలబోతుంది. బ్రైట్‌నెస్ ఆటోలో కాకుండా పగటికి పూర్తిగా పెట్టండి, రంగు మార్చుకునే వీలుంటే లేతది.

సెట్టింగులు. ఎక్స్ ఆఫ్. కె ఆన్, బ్లైండ్ స్పాట్ ఫిల్టర్‌తో. కెఎని పైన చెప్పిన మూడు చోట్లకే కుదించండి. మీ ఊళ్లో ఫోటో రాడార్, అంటే వేగం కొలిచి ఫోటో తీసే కెమెరా, లేకపోతే దాని ఆప్షన్ ఆఫ్.

లేజర్ మీద ఆశ పెట్టుకోవద్దు. అది సన్నని దారంలాంటి టార్చి, 300 మీటర్ల దూరాన కూడా వెలుగు మీటరు వెడల్పే ఉంటుంది. మీ నంబరు ప్లేటు మీద పడిందంటే మీ వేగం అప్పటికే తెలిసిపోయింది. అలాగే మీరు వచ్చేదాకా గన్ ఆపి ఉంచి, ఒక్కసారిగా నొక్కే ఆఫీసర్ దగ్గర కూడా ముందుపోయే కార్ల మీద పడ్డ వెలుగు మీకు అందితేనే లాభం. రోడ్డు ఖాళీగా ఉంటే ఏ డిటెక్టరూ కాపాడదు. రాడార్ జామర్ల జోలికి అసలు పోవద్దు, దేశమంతటా ఫెడరల్ చట్టం కింద నేరం.

చట్టం. వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో డిటెక్టర్ నిషేధం. న్యూజెర్సీ నుంచి వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో చుట్టాలింటికి పోయేవాళ్లు మరీ జాగ్రత్త. వర్జీనియాలో ఆఫ్ చేసి చేతికందే చోట పెడితే సరిపోదు. కరెంటు ఊడదీసి, లోపలున్న ఎవరి చేతికీ అందకుండా డిక్కీలో పెట్టాలి. సరిహద్దు దాటకముందే ఆగి ఆ పని చేయండి. మిలిటరీ బేసుల్లోనూ కుదరదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా, సస్కాచెవాన్‌లో తప్ప మిగతాచోట్ల తీసుకెళ్లొద్దు. కాలిఫోర్నియాలో విండ్‌షీల్డ్ మీద అంటించేవాటికి మూలల్లోనే చోటిచ్చారు: ప్యాసింజర్ వైపు కింద 7 అంగుళాల చదరం, డ్రైవర్ వైపు 5. అక్కడ ఎత్తు పోయినా కిందే పెట్టుకోవాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలోకి రాకుండా.

కారు దిగేటప్పుడు డిటెక్టర్ తీసి డిక్కీలో వేయండి, సక్షన్ కప్పు గుండ్రటి ముద్ర కూడా తుడిచేయండి. ఆ ముద్ర చూసి టాప్ బట్ట కోసే దొంగలున్నారు. కొత్త టాప్ ఖరీదు డిటెక్టర్ కంటే ఎక్కువ.

అంతా బిగించాక ఆటోమేటిక్ తలుపులున్న సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి. పార్కింగ్‌లో మెల్లగా తలుపుకి ఎదురుగా రండి, ముందు బాణం వెలగాలి. దాటి పోండి, పక్క బాణం, తర్వాత వెనక బాణం. తలుపు దాటాక కూడా ముందు బాణమే వెలుగుతుంటే వెనక యాంటెన్నాకి ఏదో అడ్డం ఉంది, ఎక్కువసార్లు వెనక చూసే అద్దం అంచే. డిటెక్టర్‌ని అరంగుళం పక్కకి జరిపి మళ్లీ ఒక చుట్టు తిరగండి, ఈసారి టాప్ దించి.