సొరుగుల కార్డు: కిట్ కొనాలా, కొలిచి చేసుకోవాలా?

అందరికీ నమస్కారం. ఈరోజు నా ముందు బల్లపై రెండు కార్డులు ఉన్నాయి. రెండూ పుస్తకంలా తెరుచుకుంటాయి, రెండింటి లోపలా అగ్గిపెట్టెలా జారే మూడేసి చిన్న సొరుగులు ఉన్నాయి. ఎడమ పక్కది ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్‌తో చేసినది. కుడి పక్కది విజయనగరంలో గంటస్తంభం దగ్గర విడిగా కొన్న మందపాటి కాగితంతో, అంటే కార్డ్‌స్టాక్‌తో నేను కొలుచుకుని చేసినది. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా చెల్లెలు పుట్టింటికి వస్తుంది. ఆమె చేతికి ఇవ్వడానికే ఈ పని మొదలుపెట్టాను.

ముందుగా కిట్ సంగతి చెబుతాను. అందులోని పూల అచ్చు కాగితాలు నిజంగా బాగున్నాయి, రంగులు చేతికి అంటడం లేదు. లోపమంతా కొలతలో ఉంది. సొరుగు వెడల్పు ఎంతో, అది దూరవలసిన తొడుగు లోపలి వెడల్పు కూడా సరిగ్గా అంతే ఉంది. కాగితానికీ మందం ఉంటుందనీ, మూలల్లో అంటింపు చెవులు, అంటే జిగురు రాసి అంటించే చిన్న అంచులు, మడిచినచోట అది రెట్టింపు అవుతుందనీ కిట్ తయారుచేసినవారు లెక్కలోకి తీసుకోలేదు. అందుకే మొదటి సొరుగు సగం దాకా వెళ్లి ఆగిపోయింది, కొంచెం గట్టిగా తోస్తే తొడుగు అంచు చిరిగింది. ఇదిగో, ఆ చిరుగు మీకు కనిపిస్తోంది. ఎంత అందంగా అలంకరించినా సొరుగు కదలకపోతే అది సొరుగుల కార్డు అనిపించుకోదు కనుక ఈ రివ్యూలో నేను అలంకరణ కంటే ఆ కదలికకే ఎక్కువ మార్కులు వేస్తున్నాను.

ఇప్పుడు నా కార్డు కొలతలు చూద్దాం. కాగితం 300 జీఎస్‌ఎం, అంటే ఒక చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగుతుంది. మనం జిరాక్స్‌కు వాడే కాగితం మామూలుగా 75 లేదా 80 జీఎస్‌ఎం ఉంటుంది. అట్టకు ఒక ఏ4 షీటు చాలు. దాని 297 మిల్లీమీటర్ల వైపున 140 దగ్గర ఒక మడత గీత, 157 దగ్గర మరొకటి గీస్తే ముందు అట్ట 140, వెన్ను 17, వెనుక అట్ట 140 వస్తాయి, ముక్క కూడా వృథా కాదు. సొరుగుకు 136 పొడవు, 81 వెడల్పు గల ముక్క కోసి, నాలుగు వైపులా 13 మిల్లీమీటర్ల దగ్గర గీత పెట్టి గోడలు లేపితే, అడుగు భాగం 110కి 55గా నిలుస్తుంది. ఇలాంటి ముక్కలు ఒక్క ఏ4లో నాలుగు వస్తాయి. మనకు కావలసినవి మూడే కనుక నాలుగోది మన పొరపాటు కోసం అట్టిపెట్టుకోవచ్చు, నాకైతే అది అవసరమైంది.

తొడుగు విషయంలో మాత్రం తొందరపడకూడదు. 153కి 110 ముక్క తీసుకుని, 153 వైపున 57, 71.5, 128.5, 143 దగ్గర గీతలు పెడితే చివర మిగిలే 10 మిల్లీమీటర్లు అంటింపు చెవి అవుతుంది. సొరుగు 55, తొడుగు 57. ఎత్తు చూస్తే సొరుగు 13, తొడుగు 14.5. ఈ కాస్త సందు వల్లనే సొరుగు వేలితో లాగగానే వస్తుంది, కార్డు వంచినా దానంతట అది జారిపడదు. మడత గీతకు ఖరీదైన పనిముట్టు ఏదీ అక్కరలేదు, సిరా అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు సరిపోతాయి.

కాగితపు నారల వాటం గురించి కిట్‌లో ఒక్క మాట కూడా లేదు. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒక వైపు తేలికగా వంగుతుంది, నారలు ఆ మడతకు సమాంతరంగా ఉన్నాయన్నమాట. వాటానికి అడ్డంగా మడిస్తే మడత మీద పొర పగిలి, లోపలి తెల్లదనం బయటపడుతుంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది: తేమకు కాగితం నారల పొడవునా కాక అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. సొరుగు పొడవు వెంట నారలు ఉంచితే మడతలు నున్నగా వస్తాయి గానీ, మన తీరప్రాంతపు వానాకాలంలో వెడల్పు కొంచెం పెరుగుతుంది. నేను మడతల పక్షమే తీసుకున్నాను, ఎందుకంటే 55 మిల్లీమీటర్ల మీద ఆ పెరుగుదల మనం వదిలిన సందును మింగేసేంత ఉండదు.

నిజానికి సొరుగులను బిగపట్టేది వాన కాదు, జిగురు. నీటితో కలిసిన తెల్ల జిగురు ధారాళంగా పూస్తే తొడుగు గోడ లోపలికి వంకర తిరుగుతుంది. అందుకని తొడుగులకు డబుల్ సైడ్ టేపు వాడి, సొరుగు మూలలకు మాత్రమే పలుచగా జిగురు రాసి, ఆరేదాకా వాటిని క్లిప్పులతో పట్టి ఉంచాను.

అలంకరణకు ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలు పనికివచ్చాయి. బంగారు అచ్చున్న ఆ మందపాటి ముక్కలను సొరుగుల ముఖాలకు అంటించాను. పేర్లు, ముహూర్తం ఉన్న భాగం మాత్రం కోయవద్దు, ఇంట్లో పెద్దవాళ్లు చూస్తే మాట పడవలసి వస్తుంది. లాగడానికి పట్టుకునే కొసలు మా నాన్నగారి పాత పొందూరు ఖద్దరు పంచె అంచు నుంచి కత్తిరించాను. పదేపదే తెరవడంతో కాగితపు వెన్ను మడత దగ్గర అరిగి చీలుతుంది కనుక అదే గుడ్డను వెన్నుకు బయటివైపు కూడా అంటించాను, కిట్ కార్డులో ఆ జాగ్రత్త లేదు.

పై సొరుగులో చిన్ననాటి ఫొటోలు, నడిమి దానిలో మడిచిన ఉత్తరం, కింది దానిలో అమ్మవారి కుంకుమ పెట్టాను. కుంకుమను ప్లాస్టిక్ పొట్లంలో మూసి పెట్టండి, లేకపోతే రెండు రోజుల్లో ఉత్తరం కూడా ఎర్రబడుతుంది.

ఇక తీర్పు. కదలికకు కిట్‌కు పదికి మూడు, అచ్చు కాగితాలకు ఎనిమిది. కాబట్టి ఇప్పటికే కొన్నవారు దాన్ని పారేయకండి. పూల కాగితాలు ఉంచుకుని, సొరుగులను, తొడుగులను మాత్రం నేను చెప్పిన కొలతలతో మళ్లీ కోసుకోండి. నా కార్డుకు ఎనిమిది వేసుకుంటున్నాను. తగ్గించిన రెండు మార్కులు నడిమి సొరుగువి, అది ఇంకా కొంచెం పట్టి పట్టి వస్తోంది. చెక్క బీరువా సొరుగుకు చేసినట్టే దాని అడుగున కొవ్వొత్తి రుద్దాను, ఇప్పుడు చూడండి, ఎలా వస్తోందో. ఈ పని అంటింపులన్నీ ముగిశాకే చేయాలి, మైనం తగిలినచోట జిగురు పట్టదు. పోస్టులో పంపదలచినవారు మామూలు కవరు మీద ఆశ పెట్టుకోవద్దు, వెన్నే 17 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి చిన్న అట్టపెట్టె వెతుక్కోవాలి.